పొట్టు పీల్చిన విషం ఎక్కడికి పోతుంది?

సంపాదకులకు,

గత వారం మీ పత్రికలో వరి ఊక, పల్లికాయ పొట్టుతో నీళ్లలోని సీసం, కాడ్మియం లాంటి విష లోహాలను తీసేయవచ్చన్న వార్త చదివాను. కాలుష్యం బారిన పడ్డ ఊళ్లకు ఇది వరమన్నారు. ఫ్యాక్టరీల పటాన్‌చెరు పక్కన నలభై ఏళ్లుగా ఉంటున్న నాకు ఆ మాట మింగుడుపడలేదు.

శాస్త్రం నిజమే. పొట్టులోని సెల్యులోజ్, లిగ్నిన్ అనే పదార్థాలు లోహాలను పట్టుకుంటాయి. బడిలో సైన్సు చెప్పే రోజుల్లో పిల్లలతో చేయించాను కూడా. పొట్టు దంచి, రెండు మూడుసార్లు కడిగి (కడగకపోతే నీళ్లు టీ డికాక్షన్‌లా మారతాయి), ఎండబెట్టి, కాస్త మైలుతుత్తం (అందులో రాగి ఉంటుంది) కలిపిన నీళ్ల సీసాలో వేశాం. మర్నాటికి ఆ లేత నీలం దాదాపు పోయింది. పిల్లలంతా చప్పట్లు కొట్టారు. ఏడో తరగతి అమ్మాయి ఒకతి మాత్రం "ఈ పొట్టు ఇప్పుడెక్కడ పారేద్దాం సార్?" అని అడిగింది.

మీ వార్తలో లేనిది ఆ ప్రశ్నే. లోహం కాలిపోదు, కుళ్లిపోదు. నీళ్లలోంచి పొట్టులోకి మారుతుంది, అంతే. ఆ పొట్టును ఆమ్లంతో కడిగి లోహాన్ని వేరుచేయాలి, లేదా ప్రమాదకర వ్యర్థాలను పూడ్చే చోటికి పంపాలి. ఊళ్లో ఆ పని ఎవరు చేస్తారు? పెంటకుప్ప మీద వేస్తే తొలకరికి మళ్లీ పొలంలోకే చేరుతుంది. పైగా నీళ్లలో ఆమ్లం ఎక్కువుంటే పొట్టు సీసాన్ని సరిగా పట్టదు. ఆర్సెనిక్ అనే విషమైతే మామూలు ఊకకు అంత తేలిగ్గా చిక్కదు.

అసలు ఊళ్లవాళ్లెందుకు వడకట్టుకోవాలి? ఇక్కడి కాలుష్యం గొడవ 1990లోనే సుప్రీంకోర్టుకెక్కింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు-బొల్లారాన్ని తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో పెట్టింది. ఫ్యాక్టరీల మురుగు చేరే నక్కవాగు పోయి కలిసేది మంజీర నదిలోనే. తాగేనీళ్లలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. మా బోరు నీళ్లలో ఎంతుందో తెలుసుకుందామని ఓ ఆఫీసు చుట్టూ పదకొండు నెలలు తిరిగాను, ఈరోజుకీ కాగితం చేతికి రాలేదు. ఒకప్పుడు దరఖాస్తు ఇస్తే రసీదైనా ఇచ్చేవారు. ఇప్పుడు ఆన్‌లైన్‌లో పెట్టమంటారు. పెడితే, ఎవరూ గడప తొక్కకుండానే సమస్య పరిష్కారమైందని మెసేజ్ వస్తుంది. ఒళ్లు మండిపోతోంది.

ఊక వడపోతలు పెట్టాల్సింది ఫ్యాక్టరీ నీళ్లు బయటికొచ్చే గొట్టం దగ్గర, ఆ యజమాని ఖర్చుతో. వాడిన ఊక లెక్క కూడా అతనే చెప్పాలి. మీ విలేకరి ఈసారి అధికారులను కలిసినప్పుడు ఈ ఊళ్ల బోర్ల పరీక్ష ఫలితాలు అడిగి, ఊరి పేరుతో సహా అచ్చేయాలని కోరుతున్నాను.

- ఓ విశ్రాంత ఉపాధ్యాయుడు, సంగారెడ్డి జిల్లా