వానలో మీ కారు అద్దం మసకబారడానికి కారణం మా గుడ్డలే

మా దగ్గర కారు కడిగించుకునే అందరికీ,

విజయవాడ పక్కన గొల్లపూడిలో ఈ వాషింగ్ షెడ్డు పెట్టి ఆరేళ్ళయింది. ఇన్నాళ్ళూ ఎవరికైనా కోపం వచ్చిందంటే, డోర్ల సందుల్లో నీళ్ళు తుడవలేదనో, సీటు కింద బిస్కెట్ ముక్కలు అలాగే ఉన్నాయనో. కిందటి నెల వచ్చిన ఫోను మాత్రం అలాంటిది కాదు. రాత్రి తొమ్మిదిన్నర. నందిగామ దాటాక టీకొట్టు పక్కన కారు ఆపి చేశారు ఒక కస్టమరు. ఫోనులో వాన హోరు వినిపిస్తోంది.

"ఏమయ్యా, అద్దం కడిగావా, నెయ్యి రాశావా? ఎదురుగా లారీ లైటు పడితే రోడ్డే కనపడట్లేదు. పిల్లలు భయపడుతున్నారు."

ఆ కారు ఆ రోజు మధ్యాహ్నమే మా దగ్గర ఫుల్ వాష్ చేయించుకుని వెళ్ళింది.

అప్పుడు నేనిచ్చిన జవాబు తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "వైపర్లు అరిగిపోయుంటాయి సార్, మార్చేద్దాం" అన్నాను. పాపం ఆయన నమ్మి, రెండ్రోజుల తర్వాత వచ్చి మా దగ్గరే కొత్తవి వేయించుకున్నారు. మళ్ళీ వాన పడింది, మళ్ళీ అదే గోల. ఆ వారంలోనే ఇంకో ముగ్గురు ఇదే మాట అనేసరికి నాకు టెన్షన్ మొదలైంది. మా షెడ్డులోనే కడిగిన నా కారు తీసుకుని, వాన పడుతున్న రాత్రి ఇబ్రహీంపట్నం రింగ్ సెంటర్ దాకా వెళ్ళాను. ఎదురుగా థర్మల్ స్టేషన్ బూడిద మోసే లారీ లైట్లు పడగానే అద్దమంతా తెల్లగా మెరిసిపోయింది. వైపర్ తిరిగిన దారిలో రంగురంగుల చారలు, వాటి మధ్య సన్నటి నీటి చుక్కలు. రెండు సెకన్లపాటు నిజంగా ఏమీ కనపడలేదు. లారీ దాటిపోయాక చూసుకుంటే చేతులు స్టీరింగుకి అతుక్కుపోయి ఉన్నాయి.

మర్నాడు షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చుని, మావాళ్ళు కారు కడగడం మొదటి నుంచి చివరిదాకా చూశాను. యజమానిగా ఈ పని ఏనాడో చేసి ఉండాల్సింది.

డ్యాష్‌బోర్డుకి పాలిష్ పట్టించిన గుడ్డతోనే మా కుర్రాడు ముందు అద్దం లోపలి వైపు తుడుస్తున్నాడు. ఆ పాలిష్‌లో సిలికాన్ అనే నూనె లాంటి జిడ్డు ఉంటుంది. అద్దానికి అంటుకుంటే పగటిపూట అసలు కనపడదు. ఇక బయటి వైపు సంగతి. వేసవిలో డబ్బులు కలిసొస్తాయని నేనే ఫోమ్ షాంపూ మార్చాను. కొత్త డబ్బాలో మైనం కలిపి ఉంది. పెయింటుకి మంచి మెరుపే వస్తుంది, కానీ అదే మైనం అద్దం మీదా కూర్చుంటుంది. మూడోది మా ఇంటి నుంచే వచ్చింది. గుడ్డలన్నీ మా ఇంటి వాషింగ్ మెషిన్‌లో, బట్టలకి వాసన కోసం పోసే కండిషనర్‌తో సహా ఉతుకుతున్నాం. నూలుకి మెత్తటి పూత పూయడమే ఆ కండిషనర్ పని. ఆ పూత గుడ్డ నుంచి నేరుగా మీ అద్దానికి వెళ్ళింది. ఈ సంగతి ఇంట్లో చెబితే, "ఊరికే ఉతికిపెట్టినందుకు నాకా పేరు?" అంది మా ఆవిడ. నిజమే, ఉతకమని అడిగింది నేనే.

శుభ్రమైన గాజు మీద నీళ్ళు పల్చటి పొరలా పరుచుకుంటాయి. వైపర్ ఒక్క ఊపులో వాటిని నెట్టేస్తుంది. జిడ్డు ఉన్నచోట నీళ్ళు పరుచుకోవు, చుక్కలుగా విడిపోతాయి. వైపర్ రబ్బరు ఆ జిడ్డునీ నీళ్ళనీ కలిపి అద్దమంతా పులుముతుంది. ఎదుటి బండి లైటు పడినప్పుడు ఆ చుక్కల్లో ప్రతిదీ ఒక చిన్న భూతద్దమై వెలుగుని అన్ని వైపులకీ చెదరగొడుతుంది. పగలు వెలుతురు అన్ని వైపుల నుంచీ వస్తుంది కాబట్టి తేడా తెలియదు. అందుకే "షాపులో చూసినప్పుడు బాగానే ఉంది కదా" అని నేను కూడా మోసపోయాను.

అన్ని కార్లకీ పట్టిన జిడ్డు మాదే అని మాత్రం అనను. హైదరాబాద్ రోడ్డు మీద రోజూ తిరిగే బండికి డీజిల్ పొగ, ఇబ్రహీంపట్నం దగ్గర బూడిద, జగ్గయ్యపేట వైపు సిమెంటు దుమ్ము, అన్నీ కలిసి పొర కడతాయి. మన ఎండలకి కారు లోపలి ప్లాస్టిక్ వేడెక్కి, దాని ఆవిరి అద్దం లోపలి వైపు పట్టేస్తుంది. కొత్త కార్లలో ఇది ఇంకా ఎక్కువ. అయినా సరే, దాన్ని తీసేయమనే కదా మీరు డబ్బులిస్తున్నది.

ఇప్పుడు చేస్తున్నది చెబుతాను. పాత షాంపూ ఆపేశాం. మైనం లేనిది వాడుతున్నాం. అద్దానికి వేరే గుడ్డలు, నీలం రంగువి. వాటిని కండిషనర్ లేకుండా విడిగా, చేత్తోనే ఉతుకుతున్నాం. మీరు అడిగితే తప్ప డ్యాష్‌బోర్డుకి పాలిష్ పట్టించం, తడిగుడ్డతో తుడిచి వదిలేస్తాం. జిడ్డు ముదిరిన అద్దానికి సీరియం ఆక్సైడ్ పేస్టు వాడుతున్నాం. కళ్ళజోళ్ళ గాజు అద్దాలకి పాలిష్ పెట్టేది కూడా దీనితోనే. ముందు దుమ్మంతా నీళ్ళతో పోవాలి, లేకపోతే ఇసుకతో రుద్దినట్టే. తర్వాత తడి స్పాంజి మీద కొంచెం పేస్టు తీసుకుని, జానెడు జానెడు చొప్పున చేత్తో రుద్దుతాం. మొదట్లో పేస్టు జిడ్డు మీద నిలవకుండా విడిపోతుంది. అది సమంగా పరుచుకున్నప్పుడు ఆ చోటు శుభ్రమైనట్టు. మెషిన్ పెట్టం, ఒకేచోట ఎక్కువసేపు తిప్పితే గాజులోంచి చూసేది వంకరగా కనపడే ప్రమాదం ఉంది. చివర్లో వైపర్ రబ్బర్లని కూడా నల్లదనం ఆగేదాకా తడిగుడ్డతో తుడుస్తాం. ఇది మర్చిపోతే శుభ్రం చేసిన అద్దానికి మొదటి వానలోనే పాత జిడ్డు తిరిగొస్తుంది.

ఇదంతా మా దగ్గరే చేయించుకోవాలని లేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో (శానిటైజర్లలో వాడే స్పిరిట్) సగానికి సగం ఆర్‌ఓ నీళ్ళు కలిపి, ఒక గుడ్డతో తుడిచి వెంటనే ఇంకో పొడి గుడ్డతో ఆరబెడితే లోపలి వైపు జిడ్డు చాలావరకు వదులుతుంది. కిరసనాయిలు, డీజిల్ మాత్రం వద్దు. కొందరు డ్రైవర్లకి అలవాటు. మరక పోతుంది, కొత్త జిడ్డు పడుతుంది. వైపర్ నీళ్ళ ట్యాంకులో షాంపూ ప్యాకెట్ కలపడం కూడా ఆపండి. మా బోరు నీళ్ళు కూడా పోసుకోకండి, సున్నం కట్టి నీళ్ళు చిమ్మే సన్న రంధ్రాలు మూసుకుపోతాయి. జిడ్డు లోపలుందో బయటుందో తెలియకపోతే చూపుడు వేలితో లోపల ఒక గీత గీయండి. గీత పడితే ముందు లోపల మొదలుపెట్టండి.

కొన్ని అద్దాలకి మేం చేయగలిగింది ఏమీ లేదు. ఏళ్ళ తరబడి హైవే మీద తిరిగిన అద్దానికి ఇసుక రేణువులు తగిలి సూదిమొనంత గుంటలు పడతాయి. ఎండకి ఎదురుగా చూస్తే మెరుస్తాయి. వైపర్ ఇనుము గీసిన లోతైన గీతలూ అంతే. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద తగ్గాక, బురద పొడిగా ఉండగానే వైపర్ తిప్పేసిన కార్లు చాలా వచ్చాయి. వాటిలో కొన్నింటికి అద్దం మార్చుకోవడమే గతి. అలాంటిది వస్తే చూపించి పంపేస్తాం, డబ్బులు తీసుకోం.

ఇంకో పెద్దాయన సంగతి. ఆయన అద్దానికి రెండుసార్లు చేశాం, చక్కగా వచ్చింది. అయినా లైట్ల చుట్టూ వలయాలు కనపడుతున్నాయన్నారు. అదే కారు నేను నడిపితే ఏమీ లేదు. మొహమాటపడుతూనే, ఒకసారి కళ్ళు చూపించుకోండి సార్ అన్నాను. శుక్లాలట.

ఏప్రిల్ నుంచి ఇప్పటిదాకా మా దగ్గర ఫుల్ వాష్ చేయించుకున్నవాళ్ళకి ముందు అద్దం రెండు వైపులా ఉచితంగా చేస్తాం. బిల్లు లేకపోయినా పర్వాలేదు, కారు నంబరు మా పుస్తకంలో ఉంటుంది. గంట పడుతుంది, ఉదయం పదకొండు లోపు వస్తే ఎండ తగలకముందే అయిపోతుంది. ఈ గొడవలో నా మాట విని వైపర్లు కొన్నవాళ్ళకి ఆ డబ్బులు తిరిగిస్తాను. వైపర్లు మీరే ఉంచుకోండి. కొత్త షాంపూ ఖరీదెక్కువ, పని కూడా పెరిగింది కాబట్టి వచ్చే నెల నుంచి ఫుల్ వాష్ మీద యాభై రూపాయలు పెంచుతున్నాను. ఇది ఇప్పుడే చెబుతున్నాను, బిల్లులో చూసి అడగకుండా.

షెడ్డులో నిలబడి ఉన్నప్పుడు ఒక్కటి గమనించండి. మీ అద్దం మీద నీలం గుడ్డ కాకుండా వేరేది కనపడితే, మా కుర్రాణ్ణి అక్కడే ఆపి నన్ను పిలవండి.