ఎంజీబీఎస్ దగ్గర ఆగిపోయిన దారి: పర్యాటక, రవాణా శాఖల మంత్రివర్యులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రివర్యులకు నమస్కారం.

పొద్దున రైలు దిగి, హైదరాబాద్ చూసుకుని, రాత్రి మళ్లీ రైలెక్కే కుటుంబాల తరఫున రాస్తున్న ఉత్తరం ఇది. సొంత కారు, హోటల్ గది ఉన్నవాళ్ల సంగతి ఇందులో లేదు. ఇచ్చిన విన్నపాలకు రసీదు తప్ప జవాబు రాలేదు. అందుకే నలుగురిలో అడుగుతున్నాం.

2020 ఫిబ్రవరి 7న మెట్రో ఆకుపచ్చ లైను జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) దాకా 11 కిలోమీటర్లు తెరుచుకుంది. పాతబస్తీలోకి వెళ్లాల్సిన మిగతా ముక్కకు 2024 మార్చి 8న శంకుస్థాపన జరిగింది. సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్ అని స్టేషన్లకు పేర్లు కూడా పెట్టారు. సంతోషమే. ఆ స్టేషన్లు కట్టేదాకా వచ్చేపోయే జనం ఏం చేయాలన్నదే మా ప్రశ్న.

సికింద్రాబాద్‌లో దిగిన మనిషి దారి చూడండి. రైల్వే స్టేషన్‌కు దగ్గరి మెట్రో సికింద్రాబాద్ ఈస్ట్, అది నీలి లైను. రాయదుర్గం వైపు రైలెక్కి, తర్వాతి స్టేషన్ పరేడ్ గ్రౌండ్‌లో దిగి, ఆకుపచ్చ లైనుకు మారి, చివరి స్టేషన్ ఎంజీబీఎస్‌లో దిగాలి. పొరపాటున నాగోలు వైపు ప్లాట్‌ఫారం ఎక్కితే మెట్టుగూడలో తేలతారు. సికింద్రాబాద్ వెస్ట్ అని మరో స్టేషన్ ఉంది, అది ఆకుపచ్చ లైను మీదే ఉంది. రెండు పేర్లూ ఒకేలా ఉండటంతో కొత్తవాళ్లు తికమకపడతారు. నాంపల్లిలో దిగినవాళ్లు నయం. ఎర్ర లైను ఎక్కితే గాంధీభవన్, ఉస్మానియా మెడికల్ కాలేజీ దాటగానే ఎంజీబీఎస్ వస్తుంది.

ఇంతవరకూ బాగానే ఉంది. రైలు చల్లగా ఉంటుంది, వేళకు వస్తుంది. అసలు కష్టం ఎంజీబీఎస్‌లో కిందికి దిగాక మొదలవుతుంది.

అక్కడి నుంచి చార్మినార్ దాదాపు రెండు కిలోమీటర్లు. అఫ్జల్‌గంజ్ మీదుగా నయాపూల్ దాటితే ఎడమవైపు సాలార్‌జంగ్ మ్యూజియం, కుడివైపు హైకోర్టు. ముందుకు పోతే మదీనా, పత్తర్‌గట్టి, చార్‌కమాన్, గుల్జార్‌హౌజ్, ఆ వెంటనే చార్మినార్. చెప్పడానికి ఇది తిన్నని దారే. నడిచి చూస్తే తెలుస్తుంది. స్టేషన్ గుమ్మంలో నిలబడ్డవాళ్లకు మూసీ ఎటుందో, అఫ్జల్‌గంజ్ ఎటుందో తెలియదు. "చార్మినార్ 2 కి.మీ." అన్న బాణం గుర్తు కావాలి. ఒక్కటి చాలదు, మలుపు మలుపుకీ కావాలి. ఫుట్‌పాత్ కొంతదూరం ఉండి మాయమవుతుంది. అక్కడి నుంచి చంకలో బిడ్డ, చేతిలో సంచి, పక్కన మోకాళ్ల నొప్పుల అత్తగారు, అందరూ బస్సులకూ ఆటోలకూ నడుమ నడవాలి. నయాపూల్ దగ్గర రోడ్డు దాటాలంటే చేయి అడ్డం పెట్టి పరిగెత్తడమే. చిరువ్యాపారులను తోలేయమని మేం అడగడం లేదండీ. వాళ్లు లేకపోతే అది పాతబస్తీయే కాదు. వాళ్ల బండ్ల పక్కన ఇద్దరు మనుషులు పట్టేంత బాట విడిగా ఉంటే చాలు.

ఆటో మాట్లాడుకోవచ్చు కదా అంటారు. మీటరు వేయరు. కొత్త ముఖమని తెలిస్తే రేటు మారుతుంది. ఫోన్‌లో బుక్ చేసినా, చార్మినార్ చుట్టూ వాహనాలను రానివ్వరు కాబట్టి చార్‌కమాన్ ఇవతలే దింపేస్తారు. తిరుగు ప్రయాణంలో ఇంకా ఇబ్బంది. యాప్‌లో గుర్తు పడిన చోటికి బండి రాలేదు, ఎక్కడికొస్తే బండి ఎక్కవచ్చో వీళ్లకు తెలియదు. పాదచారుల బాట పెట్టడం మంచి పని. ఆ బాట అంచున ఆటోలు ఆగే చోటు ఒకటి గీసి, బోర్డు పెట్టకపోవడమే లోపం.

ఈ రెండు కిలోమీటర్ల వల్ల పోయేది అరగంటే కదా అనుకోవద్దు. మ్యూజియంలో సంగీత గడియారం ఉంది. లోపలి కమ్మరి బొమ్మ క్షణానికోసారి సుత్తి వేస్తూనే ఉంటుంది. గంట కాబోయే ముందు గడ్డం ఉన్న చిన్న మనిషి బొమ్మ తలుపు తీసుకుని వచ్చి గంట కొట్టి వెళ్తుంది. పన్నెండింటికి పన్నెండు దెబ్బలు వినాలని జనమంతా ముందే చేరి కూర్చుంటారు. ఎంజీబీఎస్ దగ్గర ఇరవై నిమిషాలు పోగొట్టుకున్న పిల్లవాడు లోపలికి వచ్చేసరికి బొమ్మ తలుపు మూసేసుకుంటుంది. మళ్లీ గంట ఆగే తీరిక ఆ కుటుంబానికి ఉండదు, చార్మినార్ మిగిలే ఉంటుంది, గోల్కొండ మిగిలే ఉంటుంది.

శుక్రవారం సంగతి మరీ బాధ. సాలార్‌జంగ్ మ్యూజియానికి, చౌమహల్లా ప్యాలెస్‌కు, పురానీ హవేలీలోని నిజాం మ్యూజియానికి శుక్రవారమే సెలవు. జూ పార్కుకు సోమవారం. తెలిసినవాళ్లు శుక్రవారం గోల్కొండకు పోతారు, పాతబస్తీని శనివారానికి పెట్టుకుంటారు. తెలియనివాళ్లు మూసిన గేటు ముందు పిల్లలతో నిలబడతారు. సికింద్రాబాద్, నాంపల్లి, ఎంజీబీఎస్ మెట్రో టికెట్ కిటికీల దగ్గర "ఈరోజు ఇవి మూసి ఉంటాయి" అని ఒక పలక వేలాడదీయడానికి ఏ నిధులు కావాలి? ఏ టెండరు పిలవాలి? ఎన్నిసార్లు అడగాలి?

సామాను మాట. రైల్వే క్లోక్‌రూమ్‌లో పెట్టాలంటే చెల్లుబాటయ్యే రైలు టికెట్ ఉండాలి, పెట్టెకు తాళం ఉండాలి. జిప్పు సంచితో వచ్చినవాళ్లు బయట తాళం కొనుక్కుని మళ్లీ వరుసలో నిలబడతారు. బస్సులో వచ్చినవాళ్లకు రైలు టికెట్ ఎక్కడిది? మ్యూజియంలోకి సంచులు రానివ్వరు, అది న్యాయమే. మరి చార్మినార్ 149 మెట్లు, ఆ ఇరుకు చుట్టుమెట్లు, రెండు సంచులతో ఎలా ఎక్కుతారు? ఇంట్లో ఒకరు కింద కాపలా ఉంటారు. ఆ ఒకరు సాధారణంగా అమ్మే. ఊరంతా చూపించడానికి తీసుకొచ్చిన ఆవిడ సామాను చూసుకుంటూ కూర్చుంటుంది.

ఆమె గురించే ఇంకో మాట చెప్పాలి. మరుగుదొడ్డి ఎక్కడుందో తెలియక ఆడవాళ్లు పొద్దుటి నుంచి నీళ్లు తాగడం మానేస్తారు, ఎండాకాలంలో కూడా. ఆడవాళ్ల ఉచిత బస్సు ప్రయాణ పథకం మహాలక్ష్మి కింద 2023 డిసెంబర్ 9 నుంచి బస్సులో జీరో టికెట్ ఇస్తున్నారు, దాని మేలు కాదనలేం. అది తెలంగాణ చిరునామా ఉన్నవాళ్లకే అని పక్క రాష్ట్రం నుంచి వచ్చిన ఆడపడుచుకు కిక్కిరిసిన బస్సులో కండక్టర్ చెప్పాల్సి రావడం ఇద్దరికీ ఇబ్బందే. ఆ మాట బస్టాపులోనే రాసి పెట్టవచ్చు.

తిండికి కొరత లేదు. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్, బిర్యానీ అడుగడుగునా ఉన్నాయి. కావలసింది ధరల పట్టిక బయట కనపడటం, కూర్చుని తినే నీడ, తాగే నీళ్లు. రంజాన్ నెలలో హలీం కోసం, రాత్రి బజారు కోసం వచ్చే జనానికి ఇంకో చిక్కు. బజారు ఊపందుకునే వేళకు మెట్రో ఆఖరి రైలు వెళ్లిపోతుంది.

గోల్కొండకు మెట్రోయే లేదు. మెహదీపట్నం దాకా ఒక బస్సు, అక్కడి నుంచి కోటకు మరో బస్సు. సికింద్రాబాద్ నుంచి మెహదీపట్నానికి 5కే వస్తుంది, 49ఎం కూడా వస్తుంది, రెండింటి దారులు వేరు. ఏది ఎక్కాలో బస్టాపులో రాసి ఉండదు. మెట్రో కార్డు ఈ బస్సుల్లో పనికిరాదు, ఎంఎంటీఎస్ లోకల్ రైలుకు ఇంకో టికెట్. కోట దర్వాజాల ఇరుకులో పెద్ద బస్సు ఇరుక్కుంటుంది. 300 పైచిలుకు మెట్లు ఎక్కి బాలాహిసార్ చూసి దిగినవాళ్లకు, సౌండ్ అండ్ లైట్ ప్రదర్శన చూసి చీకట్లో బయటికి వచ్చినవాళ్లకు గేటు ముందు బస్సు ఉండాలి. రాత్రి రైలు వాళ్ల కోసం ఆగదు.

అయ్యా, మేం అడిగేది కొత్త పథకం కాదు. ఎంజీబీఎస్ స్టేషన్ గుమ్మం నుంచి మ్యూజియం, మదీనా మీదుగా చార్‌కమాన్ దాకా పావుగంటకొక చిన్న బస్సు తిప్పండి. అదే బస్సును రోజుకు నాలుగైదుసార్లు గోల్కొండ దాకా పొడిగించండి, ఆఖరిది ప్రదర్శన వదిలాక బయలుదేరేలా చూడండి. మెట్రో టికెట్ చూపిస్తే అందులో ఎక్కనివ్వండి. ఎంజీబీఎస్‌లో ఎవరైనా సామాను పెట్టుకునే గది తెరవండి. బాణం గుర్తులు, శుక్రవారం పలక, మరుగుదొడ్డి బోర్డు తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషుల్లో పెట్టించండి.

దయచేసి ఒక శుక్రవారం పొద్దున సికింద్రాబాద్‌లో సంచితో దిగి, కారు పక్కన పెట్టి, చార్మినార్ దాకా రండి. ఏ రోజు వస్తారో చెబితే ఎంజీబీఎస్ మెట్ల దగ్గర ఎదురుచూస్తాం.

ఇట్లు,
నగరం చూడవచ్చే సామాన్య ప్రయాణికుల పక్షాన