లూయీజ్ ఫరాంక్ ఊసే లేదు

సంపాదకులకు నమస్కారం.

19వ శతాబ్దపు పారిస్ పియానో సంగీతంపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం స్వరకర్తలు షోపాన్, లిస్ట్‌ల చుట్టూనే తిరిగింది. వారిద్దరూ బయటి దేశాల నుంచి వచ్చి అక్కడ పేరు తెచ్చుకున్నవారు కాగా, ఆ నగరంలోనే పుట్టిన స్వరకర్త, పియానో విద్వాంసురాలు లూయీజ్ ఫరాంక్ (1804–1875) ప్రస్తావనే లేకపోవడం లోటుగా తోచింది. 1842లో పారిస్ కన్సర్వేటరీ అనే సంగీత కళాశాలలో పియానో ఆచార్యురాలిగా చేరి ముప్పై ఏళ్లు బోధించిన ఆమెకు మొదట్లో సాటి పురుషులకంటే తక్కువ జీతమే ఇచ్చేవారు. తొమ్మిది వాద్యాలకు ఆమె కూర్చిన నోనెట్‌ను 1850లో, ఇరవై ఏళ్లయినా నిండని వయొలిన్ విద్వాంసుడు యోజెఫ్ యోఆఖిమ్ పాల్గొనగా వినిపించినప్పుడు దక్కిన ఆదరణ తర్వాతే ఆమె సమాన వేతనం సాధించుకున్నారు. పాటల నాటకమైన ఒపేరాకే నీరాజనాలు పట్టిన ఆ ఊళ్లో పెద్ద వాద్యబృందం కోసం మూడు సింఫనీలు రాయడం, నా దృష్టిలో, అంతకన్నా సాహసం. ఆమెపై ప్రత్యేక వ్యాసం ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, విజయవాడ