కాళ్లా, కళ్లా, కల్లా?

సంపాదకులకు నమస్కారం.

ఫోన్లలో కుర్రాళ్లు వాడే పొట్టి మాటల వల్ల తెలుగు పాడైపోతోందని పెద్దలు తెగ బాధపడుతున్నారు. ఇరవై ఏళ్లుగా మా మండల కేంద్రంలో డీటీపీ షాపు నడుపుతున్నాను. శుభలేఖలు, అర్జీలు, పెద్దకర్మ కార్డులు అన్నీ నా చేతి మీదుగానే పోతాయి కాబట్టి నాకు కనబడుతున్నది కూడా చెప్తాను.

పొట్టి మాటలతో నాకేం పేచీ లేదు. శుభలేఖలో చి.ల.సౌ. అనే వేస్తాం, చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అని పూర్తిగా వేయమని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మా తాత ప్రతి ఉత్తరం మ.రా.రా.శ్రీ అని మొదలుపెట్టేవాడు, మహారాజరాజశ్రీ అని పూర్తిగా రాస్తే కార్డు ముక్కలో చోటు చాలదు మరి. అందువల్ల ఆయన తెలుగేం తగ్గలేదు. ఇప్పటి పిల్లలు పుట్టినరోజుకి ‘హెచ్‌బీడీ’ అని కొడితే అంత కంగారెందుకు?

నా బాధల్లా తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టడం గురించి.

పెళ్లివాళ్లు ఇప్పుడు మేటర్ కాగితం మీద రాసి తేవడం లేదు, వాట్సాప్‌లో పెడుతున్నారు, అదీ ఇంగ్లిష్ అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగుతో వాళ్లు. ఇంటిపేరు జి, ఎ, డి, ఇ అని ఉంటే గాదె అనుకోవాలా, గాడే అనుకోవాలా? నేను గాడే అనుకున్నాను. ప్రూఫ్ పంపితే పెళ్లికొడుకే బొటనవేలు బొమ్మ పెట్టాడు, 500 కార్డులు వేసేశాం. ఇంతా చేసి ఆ అబ్బాయి తెలుగు కూడబలుక్కుని చదువుతాడట, ఓపిక లేక చూడకుండానే సరే అన్నాడట! తప్పు సగం నాది కూడా, మళ్లీ వేసినప్పుడు కాగితం ఖర్చు నేనే పెట్టుకున్నాను.

ఇంట్లోనూ ఇదే గోల. నాన్నకి నొప్పిగా ఉందని ఊరి నుంచి మా చెల్లెలు మెసేజ్ పెట్టింది. నొప్పి ఎక్కడ అంటే కె, ఎ, ఎల్, ఎల్, యు. నేను కంటి డాక్టరు దగ్గర నంబరు రాయించి, షాపు మూసి, పరుగున వెళ్తే ఆయన మోకాళ్లు పట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. అదే స్పెల్లింగుకి కల్లు కూడా వస్తుంది, అంతదూరం ఆలోచించలేదు, నయం.

ఈ అలవాటు ఊరికే రాలేదని నాకు తెలుసు. ఒక ఎస్‌ఎంఎస్‌లో ఇంగ్లిష్ అయితే 160 అక్షరాలు పట్టేవి, తెలుగైతే 70. అందులో గుణింతం గుర్తుకి ఒకటి, ఒక్కో ఒత్తుకి రెండేసి విడిగా లెక్క, ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరానికే ఆరు పోయేవి. పైగా చాలా ఫోన్లలో తెలుగు వస్తే డబ్బాలు డబ్బాలుగా కనబడేది. మెసేజ్‌కి ఇంతని డబ్బులు పోయే రోజుల్లో నేనూ అలాగే కొట్టాను. ఇప్పుడు అక్షరాలు లెక్కపెట్టుకునే పని లేదు, దేశంలో అమ్మే ఫోన్లలో 22 భాషలూ కనబడాలని కేంద్రం రూలు కూడా పెట్టింది. అయినా మన వేళ్లకి పాత అలవాటు పోలేదు.

స్నేహితులు వాళ్లలో వాళ్లు ఎలా రాసుకుంటే మనకెందుకు. కానీ మా షాపు పక్కింటావిడ ఏడో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివింది, రోజూ మీ పేపరు మా దగ్గరే సినిమా పేజీతో సహా మొత్తం చదివేసి వెళ్తుంది. కొడుకు బడి గ్రూపులో తల్లిదండ్రుల మీటింగు నోటీసు వస్తే మాత్రం ఫోను పట్టుకుని నా దగ్గరికి వస్తుంది, అది ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటుంది కనుక. మాటలు తెలుగువే, ఆవిడకి తెలుగు చదవడం వచ్చు, అయినా చదవలేదు. ఆ నోటీసు పెట్టింది తెలుగు మాస్టారు! బోర్డు మీద ఆయన రాత ముత్యాలే. కుళాయి నీళ్లు ఎన్నింటికి వదులుతారో చెప్పే గ్రూపులోనూ ఇదే వరస, నీళ్లు పట్టుకునేది ఎవరో పెట్టేవాళ్లు ఒక్కసారి ఆలోచించరు.

ఇంగ్లిష్ అక్షరాలు నొక్కితే తెలుగులో పడే కీబోర్డులు ఉన్నాయి, మైకు నొక్కి మాట్లాడినా పడుతుంది, ఒకట్రెండు తప్పులు దిద్దుకుంటే చాలు. బడి, పంచాయతీ గ్రూపుల్లో నోటీసులు తెలుగు లిపిలోనే పెట్టాలని పై అధికారులు ఒక సర్క్యులర్ ఇవ్వాలి, పైసా ఖర్చు ఉండదు. ఆ సర్క్యులర్ కూడా దయచేసి తెలుగులోనే ఇప్పించండి.

అప్పటిదాకా ఆవిడ నోటీసులు నేనే చదివిపెడతాను. ఆదివారాలు మాత్రం షాపు ఉండదు.

— ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా