తుంబురు కోనలో నన్ను నడిపించిన అక్కకు

కాలి కింద దిండు పెట్టుకుని రాస్తున్నాను. ఒళ్లంతా పచ్చిపుండులా ఉంది, నిద్ర పట్టడం లేదు. అయినా ఇది ఇప్పుడే రాయాలి.

ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థ ముక్కోటికి, అంటే ఏడాదికోసారి ఆ తీర్థంలో స్నానాలు చేసే పండక్కి వెళ్లాం. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, తిరుమలలో పాపవినాశనం దాటాక శేషాచలం అడవిలో సుమారు 7 కిలోమీటర్లు నడవాలి. అలిపిరి దారిలా మెట్లుండవు. ఎక్కుతూ, దిగుతూ, రాతి గుండ్లు పట్టుకుని పాకుతూ పోవాలి. చివర్లో కొండ నిలువునా చీలినట్టుండే కోనలో నీళ్లలో నడక. ఆ తీర్థంలో తల తడుపుకోగానే పడ్డ కష్టమంతా మర్చిపోయాను.

తిరిగొస్తుంటే పాచి పట్టిన గుండు మీద కాలు జారి చీలమండ మెలిపడింది. మా ఆయన, తమ్ముడు చెరో రెక్క పట్టుకుని లేపారు. వాళ్ల సంగతి వేరే చెప్పాలా!

వెనకే వస్తున్న ఒకక్క ఆగింది. పుంగనూరు వైపట. యాభై దాటి ఉంటాయి. ఏమీ అడగలేదు. తన భుజం మీది టవలు నిలువునా చింపి, అరికాలి కింద నుంచి చీలమండ చుట్టూ అడ్డదిడ్డంగా తిప్పి బిగించి ముడేసింది. "గొర్రెల కాళ్లకు కట్టి అలవాటేలే పాపా" అంది. నిమ్మచెక్కకు ఉప్పద్ది నా నోట్లో పెట్టింది. అక్కణ్నుంచి నా ముందు నడుస్తూ ప్రతి రాయినీ కర్రతో తట్టి చూసింది. కదిలే రాయైతే తల అడ్డంగా ఊపేది. "నా కాలు పెట్టిన చోటే నీ కాలెయ్" అనేది. తన గుంపు ఎప్పుడో ముందుకెళ్లిపోయింది. "మీవాళ్లు వెళ్లిపోతారక్కా" అంటే, "బస్సులు మళ్లీ వస్తాయి, నువ్వు కింద చూసి నడువు" అంది. అప్పుడు ఏడుపు ఆగలేదు నాకు. నొప్పికి కాదు. కన్నకూతుర్ని కూడా ఇంత ఓపిగ్గా నడిపిస్తారా అనిపించింది.

పాపవినాశనం చేరగానే బస్సు కోసం పరుగెత్తింది. పేరడిగే వీలు కూడా ఇవ్వలేదు. ఆస్పత్రిలో కట్టు విప్పిన నర్సు "ఎవరు కట్టారో గానీ బాగా కట్టారు" అంది.

ఒక్క మాట అనకుండా ఉండలేను. ఫస్ట్ ఎయిడ్ బల్ల దారి మొదట్లో పెట్టారు. కాళ్లు విరిగేది లోపల గుండ్ల మధ్య కదా! అక్కడ సెల్ సిగ్నల్ ఉండదు. స్ట్రెచర్ కావాలని కబురు పంపితే, పైకొచ్చాక చూద్దామన్నారట. అంతమంది ముసలివాళ్లు వచ్చే చోట మధ్యలో ఇద్దరు మనుషుల్ని, కాస్త దూదీ క్రేప్ బ్యాండేజీ పెట్టడం అంత కష్టమా? వచ్చే ఏడాదైనా పెట్టండి, దండం పెడతాను.

అయ్యో, మర్చిపోయాను. తాడు దగ్గర నా బ్యాగు మోసిన కాలేజీ అబ్బాయిలకు, మజ్జిగ పోసిన సేవకులకు, బస్సులో తన సీటిచ్చి నిలబడ్డ చంటిబిడ్డ తల్లికి కూడా చాలా చాలా థ్యాంక్స్. చెప్పులు వెతికి తెచ్చిన పెద్దాయనకూ.