వాళ్లది కొరియా కాదండీ, జపాన్!

సంపాదకుడు గారికి,

పోయిన వారం మీ సినిమా పేజీలో, ఎవరో హీరోయిన్ ఎయిర్‌పోర్టులో వేసుకున్న చెప్పుల వార్త కింద, బేబీమెటల్ అనే సంగీత బృందం లండన్ కచేరీ గురించి ఆరు లైన్లు వేశారు. ఆ ఆరింటిలోనే వాళ్లను కొరియా అమ్మాయిలన్నారు. పైగా ‘అర్థం కాని భాషలో పాడినా జనం వచ్చారు’ అని ఆశ్చర్యం ఒకటి! సవరణ వేస్తారేమోనని రోజూ చూశాను. లేదు. చెప్పుల కంపెనీ పేరు మాత్రం అచ్చుతప్పు లేకుండా వేశారు.

వాళ్లది జపాన్. 2010లో మొదలైన బృందం. ముందు ముగ్గురమ్మాయిలు ఆడుతూ పాడుతుంటే వెనక గిటార్లు, డ్రమ్స్ హోరెత్తిపోతుంటాయి. ఆ హోరు నాకు పడదు, కాసేపటికే తలనొప్పి వస్తుంది, అది వేరే సంగతి. 2016 ఏప్రిల్‌లో లండన్ వెంబ్లీ అరీనాలో సొంత కచేరీ చేసిన మొదటి జపాన్ బృందం వీళ్లే. 2025 మే 30న లండన్‌లోనే అంతకన్నా పెద్దదైన ఓటూ అరీనాలోనూ వీళ్లే మొదలు. పాటల్లో అక్కడక్కడా ఇంగ్లీషు ముక్కలుంటాయి, కాదనను. కానీ ఎక్కువ భాగం జపనీసే. తెల్లవాళ్లు చేతివేళ్లతో ఈ బృందం నక్క గుర్తు చూపిస్తూ ఆ పల్లవులకు గొంతు కలుపుతున్నారు. మన ఢిల్లీ కుర్రాళ్ల బృందం బ్లడీవుడ్ వాళ్లు కూడా వీళ్లతో కలిసి పాట చేశారు. ఆ ముక్కయినా మీ వార్తలో ఉండాల్సింది.

అసలు ఆశ్చర్యం దేనికి? 1963లోనే గాయకుడు క్యూ సకమోటో జపనీస్ పాట అమెరికా బిల్‌బోర్డ్ పాటల జాబితాలో మూడు వారాలు మొదటి స్థానంలో ఉంది. అంతెందుకు, అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి త్యాగరాజ ఆరాధన జరుగుతోంది. తెలుగు మాట్లాడడం రాని పిల్లలు కూడా అక్కడ తెలుగు కీర్తనలు పాడుతున్నారు. 2023లో ఆస్కార్ వేదిక మీద మన పాటను మన భాషలోనే పాడితే ఎవరూ లేచి వెళ్లిపోలేదు కదా!

నమ్మకం లేనిది మనవాళ్లకే. విదేశాల్లో తెలుగు సభలంటారు, యాంకరమ్మ నోట తెలుగు రాదు. ఇక్కడి నుంచి విమానాలెక్కి వెళ్లిన పెద్దలకు శాలువాలు కప్పడంతోనే సగం రాత్రి గడిచిపోతుంది. పాడేవాళ్లకు మైకు అందేసరికి జనం భోజనాల దగ్గరుంటారు. ఇక్కడైనా బాగుందా అంటే, మా ఊళ్లో ప్రభుత్వ కళాభవనానికి ఏళ్ల తరబడి తాళం. పిల్లల చేత పద్యాలు పాడిస్తాం, ఒక్క సాయంత్రం ఇవ్వండని అడిగితే ‘ఈ రోజుల్లో పద్యాలెవరు వింటారండీ’ అన్నాడు అక్కడి అధికారి. అదే వారం ఎవరిదో పుట్టినరోజు డీజేకి మాత్రం ఆ తాళం తెరుచుకుంది!

సవరణ రేపైనా వేయండి. మీ జిల్లా విలేకరిని ఓసారి మా కళాభవనం వైపు కూడా పంపండి. డీజే లేని రోజు వస్తే తాళం ఫొటో అయినా దొరుకుతుంది.

– ఓ పాత పాఠకుడు, గుంటూరు జిల్లా