ఆ ఆదివారం లెనిన్‌గ్రాడ్ రేడియోలో

సెయింట్ పీటర్స్‌బర్గ్,
ఆదివారం రాత్రి

ఒరేయ్ నేస్తం,

నీ ఉత్తరం అంది పది రోజులైంది. మోకాలి నొప్పి తగ్గిందని రాశావు, మనసు కుదుటపడింది. అమ్మాయి, అల్లుడు, మనవడు అందరూ కులాసా. ఇక్కడ రాత్రి ఎనిమిదైనా ఇంకా వెలుగు పోలేదు. ఇవాళ చూసింది నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు, అందుకే కూర్చున్నా.

పొద్దున నెవ్‌స్కీ రోడ్డు మీద నడుస్తుంటే మలయా సదోవయా వీధి మలుపులో గోడకి ఒక పాత లౌడ్‌స్పీకరు కనిపించింది. మన ఊళ్లో పంచాయతీ ఆఫీసు మీద ఉండేదే, అదే బాకా! కాళ్లు అక్కడే ఆగిపోయాయి. అప్పట్లో ఈ ఊరి పేరు లెనిన్‌గ్రాడ్. జర్మన్లు దీన్ని 1941 సెప్టెంబరు 8 నుంచి 1944 జనవరి 27 దాకా, 872 రోజులు దిగ్బంధంలో ఉంచారు కదా, ఆ రోజుల గుర్తుగా దాన్ని అక్కడ పెట్టారు. ఆ వీధి చివరే రేడియో భవనం.

అప్పుడు ఇళ్లల్లో రేడియోలు లేవురా. యుద్ధం మొదలవగానే సొంత రేడియోలన్నీ ప్రభుత్వానికి అప్పగించమన్నారు. మిగిలింది గోడకి తగిలించే నల్ల కాగితపు పళ్లెం ఒకటి. తీగ మీద వచ్చేది వినడమే తప్ప స్టేషను మార్చడానికి లేదు. దాన్ని పగలూ రాత్రీ ఎవరూ కట్టేసేవాళ్లు కాదు. ఎందుకో తెలుసా? కార్యక్రమం లేనప్పుడు మెట్రొనోమ్ చప్పుడు వేసేవాళ్లు, సంగీతం నేర్చుకునేవాళ్లు తాళం తప్పకుండా పక్కన పెట్టుకునే యంత్రం. నిమిషానికి యాభై సార్లు నెమ్మదిగా టిక్... టిక్... అంటే ఫర్వాలేదు. నూటయాభై సార్లు గబగబా కొట్టుకుంటే విమానాలు వస్తున్నాయి, కిందికి పరుగెత్తాలి. చీకటి గదిలో, రొట్టె లేక, నీళ్లు లేక పడుకున్న మనిషికి ఆ టిక్కు టిక్కు వినబడిందంటే ఊరు ఇంకా బతికే ఉందని లెక్క. 1942 జనవరిలో కరెంటు లేక కొన్ని పేటల్లో ఆ పళ్లెం మూగబోతే, నడవలేని ముసలివాళ్లు కూడా కర్ర పట్టుకుని రేడియో భవనానికి వచ్చి అడిగారట. తిండి తక్కువైనా ఓర్చుకుంటాం, రేడియో మాత్రం ఆపొద్దని. ఈ సంగతి ఓల్గా బెర్గోల్త్స్ చెప్పింది. కవయిత్రి, ఆ రేడియోలో రోజూ జనంతో మాట్లాడిన మనిషి. ఆ నెలలోనే భర్త ఆకలితో పోయాడు ఆవిడకి. అయినా మైకు వదల్లేదు.

తిండి అంటే ఎంతనుకున్నావు? 1941 నవంబరు 20 నుంచి నెల పైచిలుకు, పని చేయలేనివాళ్లకి రోజుకి 125 గ్రాముల రొట్టె. అందులోనూ పిండి సగమే. మన అరచేతిలో పట్టే ముక్క.

ఇప్పుడు అసలు ఆదివారం సంగతి. 1942 ఆగస్టు 9. సంగీతకర్త షొస్తకోవిచ్ ఈ ఊరివాడు. దిగ్బంధం మొదలయ్యాక కూడా ఇక్కడే కూర్చుని తన ఏడో సింఫనీ (పెద్ద వాద్యబృందం అంతా కలిసి వాయించే పొడుగాటి రచన) రాస్తూ, రెండు భాగాలు పూర్తయ్యాయని సెప్టెంబరులో ఇదే రేడియోలో ఊరికి చెప్పాడు. మిగతాది కూయిబిషెవ్ అనే ఊరు వెళ్లి ముగించాడు. మొదట మార్చిలో అక్కడే వాయించారు. జులై 19న, అదీ ఆదివారమే, న్యూయార్క్‌లో వాద్యబృందాన్ని నడిపే తొస్కానీని దాన్ని ఎన్‌బీసీ అనే అమెరికా రేడియోలో వినిపించాడు. స్వరాలన్నీ మైక్రోఫిల్మ్ చేసి విమానంలో తెచ్చారు. ఎవరి కోసం రాశాడో ఆ ఊరు మాత్రం ఇంకా వినలేదు.

వినిపించేదెవరు? ఊళ్లోని పెద్ద ఆర్కెస్ట్రాని, అంటే వాద్యబృందాన్ని, ముందే దూరాన సైబీరియాలోని నొవొసిబిర్స్క్ పంపేశారు. మిగిలింది రేడియో వాళ్ల ఆర్కెస్ట్రా, నడిపేది కార్ల్ ఎలియాస్‌బర్గ్. బతికున్న వాద్యగాళ్లందరూ రమ్మని రేడియోలోనే పిలిచారు. మొదటి రిహార్సల్‌కి పదిహేనుమంది వచ్చారట. కావలసింది దాదాపు వందమంది! చివరికి సైన్యంలోంచి బాకా ఊదేవాళ్లని అడిగి తెచ్చుకున్నారు. మీ మావయ్య సన్నాయి పట్టేముందు కడుపునిండా తినేవాడు, గుర్తుందా? దమ్ము అక్కణ్నుంచే రావాలనేవాడు. వీళ్లకి ఊదడానికి ఊపిరే లేదు. మొదట్లో రిహార్సల్ ముప్పావుగంట కూడా సాగేది కాదు. ఓబో వాయించే ఒకావిడ (ఓబో అంటే మన సన్నాయిలాగే పీక పెట్టి ఊదేది) పాడైన వాయిద్యాన్ని బాగుచేయించడానికి వెళ్తే, బాగుచేసేవాడు డబ్బు వద్దు, ఒక పిల్లి తెచ్చిపెట్టు చాలన్నాడట. తినడానికి. నాకు ఇది చదివినప్పుడు అన్నం సహించలేదురా.

ఆ ఆగస్టు 9 సాయంత్రం ఫిల్హార్మోనియా అనే కచేరీ హాలు నిండింది. నేను ఇవాళ లోపలికి వెళ్లి చూశాను, తెల్లటి స్తంభాలు, స్ఫటికపు దీపాలు. అప్పుడు ఆ దీపాలన్నీ వెలిగించారు. ఆగస్టులోనూ కొందరికి చలి, ఒంట్లో కండ లేక దుస్తుల మీద దుస్తులు వేసుకుని కూర్చున్నారు. ఎలియాస్‌బర్గ్ కోటు ఒంటికి వేలాడుతోంది. కచేరీ మధ్యలో శత్రువు గుండ్లు పడకుండా సోవియట్ జనరల్ గొవరోవ్ ముందే జర్మన్ల ఫిరంగుల మీద కాల్పులు జరిపించాడు. గంటకి పైగా సాగిన సంగీతంలో హాలు మీద ఒక్క గుండు పడలేదు. రేడియో దాన్ని ప్రతి ఇంటి పళ్లెంలోకీ, వీధి బాకాల్లోకీ పంపింది. యుద్ధరంగంలో ముందు వరుసల్లో జర్మన్ల వైపు కూడా లౌడ్‌స్పీకర్లు తిప్పి పెట్టారు. అయ్యాక ఒక చిన్నపిల్ల వచ్చి పూలగుత్తి ఇచ్చింది. చర్చిల ముందు కూడా క్యాబేజీలు పెంచుకుంటున్న ఊళ్లో ఎవరో పూలు పెంచారురా!

ఆ కచేరీ అంత గొప్పదవడానికి కారణం సంగీతమే అని అందరూ చెప్తారు. నాకు మాత్రం, ఇంట్లో మంచం మీద నుంచి లేవలేనివాడు కూడా అదే నిమిషంలో అదే పాట వింటున్నాడు కదా, అది పెద్దగా అనిపిస్తోంది. అప్పటికి ఏడాది క్రితం, 1941 జూన్ 22న, యుద్ధం వచ్చిందని సోవియట్ విదేశాంగ మంత్రి మొలొతొవ్ మధ్యాహ్నం చెప్తుంటే అవే బాకాల కింద నిలబడి విన్నారు వాళ్లు. అదీ ఆదివారమే. వింటూ నిలబడ్డవాళ్లలో ఎంతమంది ఈ పాట దాకా ఉన్నారో.

1971లో మనం పంచాయతీ అరుగు మీద కూర్చున్న సాయంత్రాలు గుర్తొచ్చాయి. ఢిల్లీ వార్తలు మొదలవగానే పెద్దవాళ్లు చుట్టలు ఆర్పేసేవాళ్లు, నువ్వు నా చెయ్యి గట్టిగా పట్టుకునేవాడివి. మనకేం తెలుసురా యుద్ధమంటే! కానీ అందరం కలిసి వింటున్నాం కాబట్టి భయం వేయలేదు.

ఈసారి ఊరెళ్తే ఆ ఆఫీసులో మన రేడియో పెట్టె ఇంకా ఉందేమో అడుగు. ఉంటే ఫొటో తీసి పంపు, బాకా కూడా పడేలా తియ్యి.

నీ,
పాత బెంచీ నేస్తం